కుంపటికి కేబుల్ కనెక్షన్

ఆదివారం పొద్దున్న ఏడు గంటలకల్లా వరప్రసాద్ చేతిలో ఆ రోజు కార్యక్రమం కాగితం మీద సిద్ధంగా ఉంది. ఏడింటికి ట్రయల్ రన్. పదిన్నరకి బొగ్గులు. పదకొండుకి కోళ్ళు. ఒంటిగంటకి బావగారు. గ్రేటర్ నోయిడాలో ఒక ఫ్యాక్టరీలో కొలత పరికరాల విభాగానికి అతనే పెద్ద. కాగితం మీద లేని పనినీ, మీటరు చూపించని వేడినీ అతను నమ్మడు.

బావగారంటే భార్య మైథిలికి అన్నయ్య, లక్ష్మీపతి. ఆర్మీలో సుబేదార్ మేజర్, కాపురం ఢిల్లీ కంటోన్మెంట్లో. కిందటిసారి ఆయన వచ్చినప్పుడు వరప్రసాద్ డాబా మీద కోడిని కాల్చాడు. పైన బొగ్గు, లోపల పచ్చి. ఆ రోజు ఆయన ఏమీ అనలేదు. ఆ తరవాత ఢిల్లీలో ఏ తెలుగువాళ్ళింట్లో పేరంటం జరిగినా, పెళ్ళి జరిగినా, "మా బావగారు కాల్చిన కోడిని చాకుతో కోస్తే కుయ్యిమంది" అని చెబుతూనే ఉన్నాడు. ఆర్నెల్లుగా వరప్రసాద్ ఈ ఆదివారం కోసమే ఎదురుచూశాడు.

కుంపటి తప్పు ఏమీ లేదు. ఫ్యాక్టరీలో పనిచేసిన జర్మన్ ఇంజనీరు దేశం వెళ్ళిపోతూ ఇచ్చిన వస్తువు అది. మూడు కాళ్ళు, నల్లటి బాన, దాని మీద గుమ్మటంలాంటి ఇనప మూత. మూత బిగిస్తే లోపలి వేడి లోపలే ఉండి మాంసం నిదానంగా మగ్గుతుంది. ఎంత మగ్గిందో తెలియకపోవడం వల్లే పరువు పోయింది. అందుకని ఈసారి థర్మామీటరు తెప్పించాడు. అరచేతిలో పట్టే డబ్బా, దాన్నుంచి రెండు కేబుళ్ళు, వాటి చివర రెండు స్టీలు సూదులు. ఒక సూది కోడి తొడలోకి, రెండోది కుంపటి లోపలి గాలికి. తొడలో డెబ్భై నాలుగు డిగ్రీలు చూపిస్తే కోడి ఉడికినట్టు.

ట్రయల్ రన్‌లో తెలిసిందేమిటంటే, ఆ కేబుళ్ళు లోపలికి వెళ్ళడానికి దారి లేదు. మూత అంచు కిందనించి పోనిస్తే మూత ఒక పక్కకి ఒరిగి, సందులోంచి వేడంతా పోయింది. పైనున్న పొగ కంతలోంచి వేస్తే, మూత ఎత్తగానే సూదులు ఎగిరివచ్చి అతని మెళ్ళో పడ్డాయి. మైథిలి అతని మెడకి వెన్న రాస్తూ అంది.

"ఏవండీ, ఆ తీగలు లేకుండా వండలేరా? మా అమ్మ కట్టెల పొయ్యి మీద వండేది. ఏ తీగలూ లేవు."

"మీ అమ్మగారికి మీ అన్నయ్యలాంటి బావగారు లేరు" అన్నాడు వరప్రసాద్. "మూతకి చిల్లు పెడతాను."

కుంపటి చల్లారాక మూతని డాబా మీదికి తెచ్చిన స్టూలు మీద వెల్లకిలా పెట్టి, కదలకుండా పిట్టగోడకి ఏటవాలుగా ఆనించాడు. రెండు కేబుళ్ళూ దాని పక్కనే వేలాడుతున్నాయి. డ్రిల్లు మిషను తీసి నొక్కాడు. గచ్చకాయలా నున్నగా ఉన్న దాని పింగాణీ పూత మీద డ్రిల్లు జర్రున జారి, గీత గీసి, అతని చెప్పు దాకా వచ్చి ఆగింది. పళ్ళు బిగించి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది.

అప్పుడే రెండో అంతస్తు చడ్డా ఆంటీ బట్టలు ఆరేయడానికి పైకొచ్చింది. ఆ ఏడాది ఇళ్ళ మీద కొత్తగా డిష్షులు లేస్తున్నాయి. ఆకాశంకేసి నోరు తెరుచుకుని ఉన్న నల్లటి గుమ్మటాన్నీ, వేలాడే కేబుళ్ళనీ చూసి ఆవిడకి ఇంకేం అడగక్కర్లేకపోయింది. అయినా అడిగింది.

"భాయ్‌సాబ్, కేబుల్ లగా రహే హో?"

"హాఁ జీ. దో కేబుల్" అన్నాడు వరప్రసాద్ డ్రిల్లు ఆపకుండా.

నెలకి ఎంతని అడిగింది. బొగ్గు సంగతనుకుని, ఒకసారి కొంటే నెలనెలా ఖర్చేముంటుందన్నాడు. ఆవిడ కళ్ళు మెరిశాయి. ఇవాళ ఇండియా-పాకిస్తాన్ ఆట ఉంది కదా అని గుర్తొచ్చి, "మ్యాచ్ భీ?" అంది. డ్రిల్లు రొదలో అది అతనికి 'మాచిస్' అని వినబడింది. అగ్గిపెట్టె లేకుండా కుంపటి ఎలా వెలుగుతుంది?

"మాచిస్ కే బినా కైసే చలేగా జీ!" అన్నాడు.

ఆంటీ తడి బట్టలు బకెట్లోనే వదిలేసి కిందికి పరిగెత్తింది. పావుగంటలో, తెలుగువాళ్ళ డాబా మీద అన్ని చానళ్ళూ ఊరికే వచ్చే జర్మనీ డిష్ ఛత్రీ పెడుతున్నారని బ్లాకంతా తెలిసింది. అరగంటలో, ఆ బ్లాకుకి కేబుల్ టీవీ ఇచ్చే బల్బీర్‌కీ తెలిసింది.

బల్బీర్ ఆరడుగుల మనిషి. భుజాన కేబుల్ చుట్ట, నడుముకి పనిముట్ల సంచీ. మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కి వచ్చి డాబా తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఇది నా ఇలాకా. ఇక్కడ వేరేవాడి కేబుల్ పడదు" అన్నాడు హిందీలో.

పని అడగడానికి వచ్చాడనుకున్నాడు వరప్రసాద్. "అక్కర్లేదు భయ్యా, నేనే వేసుకుంటాను. నీ కేబుల్ దీనికి పనికిరాదు, కాలిపోతుంది."

"నా కేబుల్ కాలిపోతుందా?"

"రెండు నిమిషాల్లో. ఇది పెద్ద క్వాలిటీ."

పదేళ్ళుగా ఎండకి ఎండి వానకి తడిసిన వృత్తిగౌరవం బల్బీర్‌ది. మెట్లగది గోడకున్న తన పెట్టె తెరిచి, కట్టింగ్ ప్లేయరు తీసి, బ్లాకు మొత్తానికి వెళ్ళే లైను పుటుక్కున కత్తిరించాడు. "అబ్ దిఖా అప్నీ క్వాలిటీ!"

మరుక్షణం నాలుగంతస్తుల్లోంచీ ఒకే కేక వినిపించింది. ఆ తరవాత మెట్ల మీద చెప్పుల చప్పుడు. కుర్చీలతో వచ్చారు. చాపలతో వచ్చారు. చడ్డాగారు నడుం నొప్పి మనిషై ఉండి కూడా పద్నాలుగు అంగుళాల టీవీని గుండెకి హత్తుకుని పైకి మోసుకొచ్చి, "ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగాడు. సరిగ్గా అప్పుడే లక్ష్మీపతి భార్యాపిల్లలతో డాబా మీదికి వచ్చాడు.

"ఏంటి బావగారూ, కోడిని చూడ్డానికి టిక్కెట్లు గాని పెట్టారా?"

"మైథిలీ!" అని ఒక్క కేక పెట్టాడు వరప్రసాద్. ఆవిడ పెద్ద పళ్ళెంలో మసాలా పట్టించిన రెండు నిండు కోళ్ళతో పైకొచ్చి, నల్లటి గుమ్మటం పక్కన నిలబడింది.

"యే క్యా హై?" అన్నాడు బల్బీర్.

"ముర్గా" అన్నాడు వరప్రసాద్. థర్మామీటరు పైకెత్తి, సూది చూపించి, కోడి తొడ చూపించి, మూత చూపించి, తన హిందీకి ఉన్న శక్తంతా పెట్టి చెప్పాడు. చడ్డాగారు టీవీని మెల్లగా కింద పెట్టాడు. చడ్డా ఆంటీ తన బట్టల బకెట్టు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

లక్ష్మీపతి మీసం కింద నవ్వు మొదలైంది. ఈ సంరంభంతో ఇంకో పదేళ్ళకి సరిపడా కథ దొరికింది ఆయనకి. వరప్రసాద్ అది చూశాడు. డ్రిల్లు తీసుకుని, అందరి ముందూ మళ్ళీ మూత మీద పెట్టాడు. జర్రుమని జారింది. మళ్ళీ పెట్టాడు.

"అరే, రుకో!" అన్నాడు బల్బీర్. ఆయనకిది చూడలేని దృశ్యం. పదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ గోడలకీ, కిటికీ ఊచలకీ, ఇనప తలుపులకీ చిల్లులు పెట్టి తీగలు పోనిచ్చిన మనిషి. మూత లాక్కుని, చిల్లు పడాల్సిన చోట టేపు అతికించి, మేకుతో చిన్న చుక్క గుచ్చి, డ్రిల్లుని పసిపిల్లని నడిపించినట్టు నిదానంగా నడిపించాడు. పూత పెచ్చు కూడా రేగలేదు. సంచీలోంచి మధ్యలో కన్నం ఉన్న ఇత్తడి నట్టు తీసి చిల్లులో బిగించి, రెండు సూదుల్నీ అందులోంచి లోపలికి దూర్చాడు. మూత బాన మీద కూర్చుంటే వెంట్రుక పట్టే సందు లేదు.

"దీనికి నా కేబుల్ పనికిరాదన్నావు, ఠీక్ హై" అన్నాడు. "నేను పనికొచ్చానా లేదా?"

"వచ్చావు భయ్యా" అన్నాడు వరప్రసాద్.

బొగ్గులు రాజుకున్నాయి, కోళ్ళు ఎక్కాయి. లైను అతికించమని బల్బీర్‌కి ఎవరూ చెప్పలేదు. ఎందుకంటే డబ్బా మీద అంకెలు కదలడం మొదలుపెట్టాయి, అందరి చూపూ వాటి మీదే ఉంది. చడ్డాగారు గట్టిగా చదువుతున్నాడు. "పచాస్! హాఫ్ సెంచురీ!" చప్పట్లు. అరవై దగ్గర అంకె పది నిమిషాలు కదలకుండా ఆగిపోతే ఆడవాళ్ళు దేవుళ్ళకి మొక్కుకున్నారు. మధ్యలో లక్ష్మీపతి మూత ఎత్తబోతే బల్బీర్ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఫౌజీ సాబ్, గాలి దూరుతుంది. మా సార్ ఒప్పుకోడు." డెబ్భై మూడు దగ్గర పిట్టగోడ మీద కూర్చున్నవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. డెబ్భై నాలుగు పడగానే డాబా దద్దరిల్లింది. ఎవరో వరప్రసాద్‌ని ఎత్తుకున్నారు.

చాకు పెడితే మాంసం ఎముక నించి దానంతటదే జారింది. ముందు ముక్క బల్బీర్‌కి ఇచ్చారు. ఆయన కళ్ళు మూసుకుని నమిలి, "వాహ్" అని ఊరుకున్నాడు. ఆ ఒక్క మాటతో నలభై మంది చేతులు ముందుకొచ్చాయి. పళ్ళెం డాబా చుట్టూ ఒక్కసారి తిరిగింది. లక్ష్మీపతి కూర్చున్న మూలకి వచ్చేసరికి అందులో ఉల్లిపాయ చక్రాలు రెండూ, నిమ్మచెక్కా మిగిలాయి.

మైథిలి అన్నయ్యకి కింద ఆవకాయ వేసి పెరుగన్నం పెట్టింది. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, వరప్రసాద్ భుజం మీద చెయ్యి వేసి ఏదో అనబోయి ఆగిపోయాడు. ఆ కోడి పచ్చిగా ఉందని చెప్పడానికి లేదు, మాడిందని చెప్పడానికీ లేదు.

ఆ తరవాత ఢిల్లీలో ఏ తెలుగువాళ్ళింట్లో కలిసినా లక్ష్మీపతి ఒక్కటే చెప్పేవాడు: "మా బావగారి కోడి బ్రహ్మాండంగా ఉందట."