ఉప్పు కాఫీ మీద తీర్మానం

నిన్నటి ఎపిసోడ్‌లో కోడలు కాఫీలో పంచదారకు బదులు ఉప్పు వేయడం, డాక్టరైన ఆమె మొగుడు దాన్ని మారుమాట లేకుండా ఆఖరి చుక్కదాకా తాగడం ప్రేమా, హాస్యమా అన్న విషయం తేల్చడానికి సీరియల్ అభిమానుల సంఘం ఉదయం పది గంటలకు టైలరు షాపులో అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షుడు టైలరే. ఆయనతో కలిపి సభ్యులు పన్నెండు మంది. అందరూ బాధ్యత తెలిసినవాళ్ళు. మందుల షాపాయన షట్టరు దించి మరీ వచ్చాడు. బడి పంతులు పిల్లలకు పరీక్ష పెట్టి వచ్చాడు.

"ఆ తాగేటప్పుడు మొహం చూశారా? నవ్వించడానికే కదండీ. నేనైతే కుర్చీలోంచి కింద పడ్డాను," అన్నాడు పంతులు. మోచేతి మీద దెబ్బ చూపించాడు. సంఘం దాన్ని సాక్ష్యంగా స్వీకరించింది.

టైలరు మెడలో టేపు సర్దుకుని లేచాడు. "సోదరులారా, ఆవిడ నలభై ఎపిసోడ్లుగా మొగుడితో మాట్లాడటం లేదు. ఆ మౌనం వెనకున్న బాధను అతను గుర్తుపట్టాడు. ఉప్పు కాదది, ఆమె కన్నీళ్ళు. పెళ్ళాం మనసు చదవడమంటే అదీ."

మందుల షాపాయన కళ్ళు తుడుచుకున్నాడు.

అధ్యక్షుడికి రెండు గజాల దూరంలో, గుడ్డపీలికల మధ్య కూర్చుని ఆయన భార్య కాజాలు కుడుతోంది. ఆమె కూడా పదకొండు రోజులుగా ఆయనతో మాట్లాడటం లేదు. సంఘం పనుల ఒత్తిడిలో ఆయన గమనించలేదు. ఈమధ్య ఇల్లు ప్రశాంతంగా ఉందని సంతోషించాడు కూడా.

ఆమె సూదిని గుడ్డకు గుచ్చి లేచింది. "నేను మా అన్నయ్య వాళ్ళింటికి వెళ్తున్నా."

"ఉండవే, ఓటింగు జరుగుతోంది."

ప్రేమకు ఏడు, హాస్యానికి ఐదు వచ్చాయి.

భార్య ఇంట్లో లేదని టైలరుకు మూడో రోజున తెలిసింది. అదీ, కొత్త చొక్కాకు ఒక్క కాజా కూడా లేదని పంతులు ఫిర్యాదు చేస్తే. అప్పటిదాకా ఆమె వంటింట్లో ఉందనుకున్నాడు. వంటింట్లోకి వెళ్ళి ఖాళీ పొయ్యి ముందు చాలాసేపు నిలబడ్డాడు.

సంఘం వెంటనే సమావేశమై, ఇది ఎడబాటు ఘట్టమని ధ్రువీకరించి, రాజీ ఘట్టానికి సభ్యులంతా హాజరు కావాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.

బావగారి ఇంటి మెట్ల మీద పన్నెండు మందీ నిలబడ్డారు. ఆమే తలుపు తీసింది. సీరియల్లో డాక్టరు చెప్పే మాటలన్నీ టైలరుకు కంఠతా వచ్చు. ఒక్కటీ ఇక్కడ అతకలేదు. "నీకేం కష్టమొచ్చిందో నాకు తెలీదు. నువ్వే చెప్పు," అన్నాడు చివరికి.

పన్నెండేళ్ళ కాపురంలో ఆయన ఆ మాట అడగడం ఇదే మొదలు. ఆమె ఆయన కళ్ళలోకి చూసింది. ఆయనకు మాత్రమే వినపడేలా మెల్లగా మొదలుపెట్టింది.

మందుల షాపాయన చెవి ఒగ్గాడు. పంతులు మునివేళ్ళ మీద లేచాడు.

"కొంచెం గట్టిగా చెప్పమ్మా," అన్నాడు పంతులు ఎంతో మర్యాదగా, "వెనకాలవాళ్ళకి వినపడటం లేదు."