కాశ్మీరుకి బయల్దేరిన సంచి

మంగళవారం తెల్లవారకముందే బయల్దేరాలనీ, ఎండ ముదిరేలోపు హైదరాబాదు దాటిపోవాలనీ బాలకోటయ్య ప్లాను. నరసరావుపేట నుంచి కాశ్మీరు దాకా సొంత కారులో, తనే నడుపుకుంటూ. ప్లాను బ్రహ్మాండంగానే ఉంది. కానీ ఆయన ప్లానుల్ని నమ్మటం విశాలాక్షి ఎప్పుడో మానేసింది.

అందుకు కారణం ఒక సంచి. మంచి ఘడియ ఒకరోజు, బయల్దేరటానికి వీలయ్యేది ఇంకోరోజు అయితే, ఆ ఘడియకి ఓ సంచి కట్టి పక్కింట్లో పెడతారు. దాన్నే ప్రస్థానం పెట్టడం అంటారు. సంచి గడప దాటితే మనిషి బయల్దేరినట్టే. ఈ ఆచారాన్ని బాలకోటయ్య తు.చ. తప్పకుండా పాటిస్తాడు. చిక్కల్లా ఏమిటంటే, సంచి బయల్దేరుతుంది గానీ ఆయన బయల్దేరడు. తిరుపతికని ఒకసారి, కాశీకని ఒకసారి, ఊటీకని ఒకసారి సంచి పక్కింటికి వెళ్ళింది. ప్రతిసారీ ఆఖరి నిమిషంలో ఆయన స్టీలు సామాన్ల కొట్టులో ఏదో కొంప మునిగేది. చీకటి పడ్డాక ఆయన పిల్లిలా వెళ్ళి సంచి తెచ్చేసుకునేవాడు. ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ యాత్రలు చేసింది ఆ సంచే.

విశాలాక్షికి మంచు చూడాలని కోరిక, ఫ్రిజ్‌లో పేరుకునేది కాకుండా. వయసు యాభై దాటింది, మోకాళ్ళు అప్పుడప్పుడూ మొరాయిస్తున్నాయి. ఈసారి ఆగిపోతే ఇక కాశ్మీరు క్యాలెండరు మీద చూసుకోవాల్సిందే. అందుకని ఆదివారం పొద్దున మంచి ఘడియలో పక్కింటి ఆరోగ్యమ్మకి సంచి అప్పగించినప్పుడు, చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.

"ఆయనొచ్చి అడిగితే ఇవ్వమాక. నేనొచ్చి అడిగినా ఇవ్వమాక, ఆయనే నాచేత అడిగిస్తాడు. నేను ఏడ్చి మొత్తుకున్నా సరే. మేమిద్దరం కారెక్కి కూర్చున్నాకే ఇవ్వాల."

"మాటిచ్చాగా వదినా. ఇంక మీరు నిశ్చింతగా ఉండండి" అంది ఆరోగ్యమ్మ. ఆవిడ చర్చిలో ఏళ్ళ తరబడి సండేస్కూలు పిల్లలకి పాఠాలు చెబుతోంది. అబద్ధం ఆడదు, ఇచ్చిన మాట తప్పదు. విశాలాక్షి నిజంగానే నిశ్చింతగా నిద్రపోయింది.

మంగళవారం వీధి వీధంతా లేచింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ఎదురింటి యశోద శకునానికి నిండు బిందెతో ఎదురొచ్చింది. దుప్పట్లు, స్వెట్టర్లు, పచ్చడి జాడీలు అరుగు మీద వరసగా ఉన్నాయి. ఇంటికి తాళం పడింది. బాలకోటయ్య కారు దగ్గరికి వెళ్ళి, డోరు మీద చెయ్యివేసి, అలాగే నిలబడిపోయాడు.

"ఏమండీ, తీయండి" అంది విశాలాక్షి.

"తాళం సంచిలో ఉందే."

"ఏ సంచిలో?"

"ప్రస్థానం సంచిలో" అన్నాడాయన నిమ్మకాయల్ని చూస్తూ. "ప్రయాణానికి అవసరమైన వస్తువు పెట్టమన్నాడు పంతులుగారు. కారులో పోయేవాడికి కారు తాళం కన్నా అవసరమైంది ఏంది?"

సోమవారం ఆయన కొట్టుకి నడిచి వెళ్ళటం విశాలాక్షి చూసింది. కడిగించిన కారు మురికవుతుందని కాబోలు అనుకుంది. "బియ్యం, పసుపు, పంచె పెడితే చాలదూ! ఇన్నేళ్ళు కొట్టు ఎట్టా నడిపారండీ మీరు?" అని తల కొట్టుకుని పక్కింటి వైపు చూసింది. పక్కింటికి తాళం వేసి ఉంది.

"రాత్రే దాచేపల్లి పోయారు" అంది యశోద. "జెస్సీవాళ్ళు కొత్తింట్లోకి మారుతున్నారంట. ఇవాళ ప్రార్థన."

జెస్సీ ఆరోగ్యమ్మ కూతురు. అల్లుడికి అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. బాలకోటయ్య వెంటనే ఫోన్ చేసి, వీధి మొత్తానికీ వినబడేలా స్పీకరు పెట్టాడు.

"ఆరోగ్యమ్మా, మా సంచి యాడ పెట్టావమ్మా?"

"ఎండ చానా ఉందన్నయ్యా."

"ఇంకా తెల్లారలేదు, ఎండేంది? సంచి ఇంట్లో ఉందా, నీ దగ్గరుందా?"

"జెస్సీ ఇల్లు చానా బాగుందన్నయ్యా. గాలి బాగా ఆడుద్ది."

అబద్ధం చెప్పలేక ఆవిడ పడుతున్న అవస్థ విశాలాక్షికి ఒక్కదానికే అర్థమైంది. ఫోన్ లాక్కుని అసలు సంగతి చెబుదామంటే వీధంతా చెవులు రిక్కించి ఉంది. "ఉండు, మేమే అక్కడికి వస్తున్నాం" అన్నాడు బాలకోటయ్య. "అయ్యో, రామాకండి!" అంటూనే ఆరోగ్యమ్మ ఫోన్ పెట్టేసింది.

"సంచి పోయినట్టుందే. పాపం, చెప్పలేక నానా తంటాలు పడుతోంది" అన్నాడాయన. తర్వాత మెల్లగా, "ప్రయాణానికని గడప దిగినవాళ్ళు మళ్ళీ గడప ఎక్కకూడదు. ఇంట్లోకి పోలేం. కొట్టుకి పోయి కూర్చుంటే? ఆవిడ వచ్చేదాకా..."

కొట్టులో కూర్చున్న మనిషిని కాశ్మీరుకి లేపటం ఎవరి తరమూ కాదు. విశాలాక్షి వీధి చివర ఆటో తుడుచుకుంటున్న అల్తాఫ్‌ని కేకేసింది. దుప్పట్లు, స్వెట్టర్లు, జాడీలు అన్నీ ఆటోలోకి ఎక్కాయి. వాటి మధ్య ఎక్కడో బాలకోటయ్య కూడా ఎక్కాడు. "ఆటోలోనే పోతున్నారా కాశ్మీరు?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. అల్తాఫ్ ఆ మాటకి పొంగిపోయి హారన్ కొట్టాడు.

పిడుగురాళ్ళ దాటేసరికి నిజంగానే ఎండెక్కింది. వడగాలికి స్వెట్టర్ల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చోవటం ఎలాంటిదో విశాలాక్షికి తెలిసొచ్చింది. దాచేపల్లి దగ్గర లారీల వెంట లేచిన దుమ్ము రోడ్డు పక్క చెట్ల మీద తెల్లగా పేరుకుని ఉంది.

"ఇదిగోనే, నీ మంచు" అన్నాడు బాలకోటయ్య. అల్తాఫ్ నవ్వబోయి, అద్దంలో విశాలాక్షి ముఖం చూసి మానుకున్నాడు.

జెస్సీ ఇంట్లో ప్రార్థన అయిపోయి భోజనాల ఏర్పాట్లు జరుగుతున్నాయి. విశాలాక్షి ఆరోగ్యమ్మ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఆ సంచి ఇచ్చెయ్యి తల్లీ. నేనే చెబుతున్నాగా."

"మీరు అడిగినా ఇవ్వొద్దన్నారుగా వదినా?"

"అది మొన్న!"

"ఏడ్చి మొత్తుకున్నా ఇవ్వొద్దన్నారు. ఇంకా ఏడవలేదు గూడా మీరు" అంది ఆరోగ్యమ్మ జాలిగా. "మేం ఇంట్లో లేనప్పుడు అన్నయ్య తాళం తీయించి పట్టుకుపోతాడేమోనని సంచి వెంట తెచ్చా. ఇక్కడికే వస్తున్నాడని తెలిసి జెస్సీ నాన్నకిచ్చి బండి మీద గురజాల పంపించేశా. మా మరిది దేవానందం ఇంట్లో పెడతారు. మీరేం దిగులు పెట్టుకోమాకండి. ఆయన చేతికి చిక్కనివ్వం."

ఇంత నమ్మకస్తురాలు పక్కింట్లో ఉండటం ఎంత ప్రమాదమో విశాలాక్షికి అప్పుడు తెలిసింది.

"సంచి గురజాలలో ఉందంట" అంది బయటికొచ్చి.

"గురజాలకి ఎందుకు పోయింది?"

"ముందు ఆటో ఎక్కండి."

తమ్ముడింటికి పోతూ టీకి ఆగి, గురజాల బస్టాండు పక్కన టీకొట్టు బల్ల మీద ఆరోగ్యమ్మ భర్త సుందరరావు కూర్చుని ఉన్నాడు. సంచి పసిపిల్లలా ఒళ్ళో ఉంది. ఆటో దిగుతున్న బాలకోటయ్యని చూడగానే దాన్ని గుండెలకి హత్తుకున్నాడు.

"సుందరరావ్! ఆ సంచి ఇటియ్యి."

"తప్పకుండా బావగారూ. మీరిద్దరూ కారెక్కి కూర్చోండి, ఇచ్చేస్తా."

"కారు తాళం ఆ సంచిలోనే ఉందయ్యా!"

సుందరరావు ఆలోచించాడు. "అయితే కారెక్కలేరుగా."

"ఎక్కలేం."

"మరి నేనూ ఇవ్వలేనుగా."

టీ తాగేవాళ్ళు గ్లాసులు దించి చుట్టూ చేరారు. బాలకోటయ్య సంచి ఒక చెవి పట్టుకున్నాడు, సుందరరావు రెండోది వదల్లేదు. "ఈ షరతు పెట్టిందెవరు? నా సంచికి షరతేంది?" అని బాలకోటయ్య కేకలేశాడు. సుందరరావు విశాలాక్షి వైపు చూశాడు. అల్తాఫ్ చూశాడు. టీకొట్టు మొత్తం చూసింది.

"నేనే పెట్టా" అంది విశాలాక్షి. "తిరుపతప్పుడు తెచ్చుకున్నారు. కాశీ అప్పుడు తెచ్చుకున్నారు. ఊటీకని నేను స్వెట్టరు కూడా అల్లుకున్నా, అప్పుడూ తెచ్చుకున్నారు. చీకట్లో మీరు సంచి తెస్తుంటే ప్రతిసారీ కిటికీలోంచి చూశానండీ. ఈసారి చూడలేక ఇవ్వొద్దని చెప్పా."

బాలకోటయ్య సంచి చెవి వదిలేశాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తుడవటం అయిపోయాక కూడా కాసేపు తుడుస్తూనే ఉన్నాడు.

"పంతులు చెప్పాడని పెట్టలేదే తాళం" అన్నాడు చివరికి. "అది చేతిలో ఉంటే పొద్దున్నే లేచి కారు కొట్టుకే తోలతా. నా సంగతి నాకు తెలవదా? ఈసారైనా నిన్ను తీసకపోవాలని, నాకు అందకుండా ఆ సంచిలో పడేశా. ఆ మాట నీతో అనాలంటే సిగ్గేసింది."

విశాలాక్షికి సంతోషం ముంచుకొచ్చి, అందరి ముందూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెల్లెమ్మ ఏడుస్తోంది" అని సుందరరావు ఫోన్‌లో భార్యకి చెప్పాడు. "ఏడ్చినా ఇవ్వొద్దందిగా, ఏం చేయమంటావ్?" జరిగినదంతా విని ఆరోగ్యమ్మ తీర్పు చెప్పింది. "తాళం తనకందకుండా సంచిలో పడేసింది అన్నయ్యేనా? అట్టయితే ఇంక ప్రయాణం ఎగ్గొట్టడు, ఇచ్చెయ్యండి."

సాయంత్రానికి ఆటో నరసరావుపేట చేరింది. వాకిట్లో నీళ్ళు చల్లుతున్న యశోద చెంబు పట్టుకునే నోరు తెరిచింది. "అప్పుడే వచ్చారా అన్నయ్యా! ఎట్టా ఉంది కాశ్మీరు?"

"ఎండ చానా ఉందమ్మా" అన్నాడు బాలకోటయ్య.

గడప ఎక్కలేదు. బయట పంపు దగ్గరే ముఖాలు కడుక్కున్నారు. ఆటోలోని మూటలు కారులోకి మారాయి. పొద్దుటి నుంచి ఎండకి వడిలిన నిమ్మకాయలు టైర్ల కింద టపటపమన్నాయి. సంచిని విశాలాక్షి ఒళ్ళో పెట్టుకుంది. వాళ్ళిద్దరితో కలిసి ప్రయాణం చేయటం దానికి కూడా ఇవాళే మొదలు.

కారు మెయిన్ రోడ్డెక్కింది. మార్కెట్ సెంటరు దగ్గరికి రాగానే అలవాటు కొద్దీ బాలకోటయ్య చెయ్యి కొట్టున్న సందు వైపు ఇండికేటరు వేసింది.

"కాశ్మీరు అటు కాదండీ" అంటూ విశాలాక్షి చెయ్యి చాచి దాన్ని ఆపేసింది.