రెండు చేతుల పరుగు

భార్య వాచీ పోయిన రోజు లెక్కల మాస్టారు మామూలుగానే ఐదింటికి లేచి, బూట్లు బిగించుకుని పార్కుకు వెళ్ళారు. ఆ రోజు ఆయన అనుకున్న పని ఒక్కటే, ఆవిడ పక్కన పరుగెత్తడం. ఆవిడ పోయి ఏడాది దాటింది. అయినా వాచీలో నమోదైన పాత పరుగొకటి ఎంచుకుంటే అది మనకంటే ఎంత ముందుందో, ఎంత వెనకుందో వాచీ చెబుతూ ఉంటుందని ఆయనకు ఈమధ్యే తెలిసింది. ఉన్నన్నాళ్ళూ ఆవిడ పరుగెత్తేది, ఈయన నీళ్ళసీసా పట్టుకుని బెంచీ మీద కూర్చునేవారు. "ఒక్కరోజైనా నాతో రాకూడదూ?" అని ఆవిడ అడిగేది. "రేపు చూద్దాం" అని ఈయన అనేవారు.

సగం దూరం వెళ్ళేసరికి చేతికి వాచీ లేదు. పాత పట్టీ ఎక్కడో తెగింది. తోటమాలితో కలిసి గడ్డి అంతా వెతికినా దొరకలేదు. ఆవిడ పరుగులు మాత్రం ఆవిడ ఫోనులో భద్రంగా ఉన్నాయి. వాటిని ఎక్కించుకోవడానికి ఇంకో వాచీ కావాలి.

దుకాణంలో కుర్రాడు వాచీలన్నీ గాజుబల్ల మీద పరిచాడు.

"ఇది నిద్ర చూస్తుంది సార్, గుండె చూస్తుంది, మీకు కోపమొస్తే అదీ చెబుతుంది."

"దూరం చెబుతుందా?"

"అదీ చెబుతుంది సార్."

"వేరేవాళ్ళ పరుగు పక్కన పెట్టుకుని పరుగెత్తొచ్చా?"

"ఎవరి పరుగు సార్?"

"తెలిసినవాళ్ళది" అని మాస్టారు బయటికి వచ్చేశారు.

ఎవరో చెప్పింది నమ్మి కొనే మనిషి కాదాయన. దూరమే తప్పు చూపిస్తే ఆవిడ పక్కనే ఉన్నామని ఎలా నమ్మడం? ఒకే ప్రశ్న ఇద్దరు పిల్లలకిచ్చి జవాబులు పోల్చినట్టు, రెండు వాచీలు రెండు చేతులకు కట్టుకుని వారం రోజులు పరుగెత్తి చూడాలనుకున్నారు.

తమ స్కూల్లో సైన్సు టీచరు కాలు బెణికి, పరుగు మానేసి కుంటుతోంది. అడగ్గానే తన వాచీ ఇచ్చేసింది. స్కూలు క్లర్కయితే అడక్కముందే ఇచ్చాడు.

"మొహమాటపడకండి మాస్టారూ! రోజూ పొద్దున్నే పార్కు గేటు దగ్గర అందిస్తా. మీ పరుగయ్యాక తీసుకుంటా. ఎన్నాళ్ళయినా సరే!"

అన్నమాట ప్రకారం రోజూ వాచీ అందించి, ఎదురు వీధిలోకి మాయమయ్యేవాడు. అంత మంచితనం ఎక్కడిదని మాస్టారు ఆలోచించలేదు.

వారం తిరక్కముందే క్లర్కు భార్య ఫోను పట్టుకుని స్టాఫు రూములోకి వచ్చింది. భర్తకు షుగరొచ్చిందని ఆ వాచీ కొనిపెట్టింది ఆవిడే. దాని లెక్కలన్నీ చేరేది ఆవిడ ఫోనుకే. అందులో క్లర్కు పరుగు కింద, "కలిసి పరుగెత్తినవారు" అని సైన్సు టీచరు పేరు, నవ్వుతున్న ఫోటోతో సహా రోజూ కనబడుతోంది.

"క్షణం తేడా లేదు మేడమ్!" అంది హెడ్‌మిస్ట్రెస్‌తో. "ఈయన ఆగితే ఆవిడ ఆగుతుంది. ఆ మూల బెంచీ దగ్గరైతే ఇద్దరూ ఎంతకీ కదలరు!"

హెడ్‌మిస్ట్రెస్ సైన్సు టీచరు కాలి కట్టువైపు చూసింది. "మెట్లెక్కలేనని పై అంతస్తులో తరగతులు మానుకున్నావు కదమ్మా?"

"నాకు మంచం దిగడమే కష్టంగా ఉంది మేడమ్! ఈయనతో పరుగేమిటి, నా ఖర్మ!"

"అంటే మా ఆయనకేం తక్కువ?" అంది క్లర్కు భార్య.

క్లర్కు మాస్టారి వైపు చూశాడు. చెప్పవద్దని ఆ చూపు బతిమాలింది. మాస్టారికి చెప్పక తప్పలేదు.

"ఆ ఇద్దరూ నేనేనమ్మా. రెండు వాచీలూ నా చేతులకే ఉన్నాయి."

"మరి ఆ బెంచీ?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"మా ఆవిడకి నీళ్ళిచ్చే చోటు. కాళ్ళు అక్కడ ఆగిపోతాయి."

ముందుగా తేరుకున్నది క్లర్కు భార్యే. భర్త వైపు తిరిగింది.

"అయితే మీరు రోజూ ఐదింటికి లేచి ఎక్కడికి పోతున్నట్టు?"

"బేకరీకి" అన్నాడు క్లర్కు. అంతకు ముందు మోపిన నేరమే ఒప్పుకుని ఉంటే బాగుండేదన్నట్టుంది అతని ముఖం.

ఆవిడ ఒంటికాలి మీద లేచింది. "బాగా పరుగెత్తుతున్నారని రోజూ పాయసం చేసిపెట్టాను కదండీ!" తర్వాత మాస్టారికి నమస్కారం పెట్టింది. "అన్నయ్యగారూ, రేపట్నుంచి ఈయన్ని మీకు అప్పజెబుతున్నాను. కళ్ళముందే పరుగెత్తించండి. వదిలేశారంటే మళ్ళీ బేకరీలో తేలతారు."

మాస్టారు సరేనని తల ఊపారు.

పార్కు చుట్టూ టేపుతో కొలిచి చూస్తే, రెండు వాచీల్లో సైన్సు టీచరుదే సరిగ్గా ఉందని తేలింది. అలాంటిదే కొన్నారు. భార్య పరుగుల్లో ఒకటి, నవ్వుతూ ఇంటికొచ్చిన రోజుది, అందులోకి ఎక్కించారు. మర్నాడు గేటు దాటగానే క్లర్కు పక్క పట్టుకుని వంగిపోయాడు.

"మాస్టారూ, మీరు పదండి... కాదు, ఉండండి. మా ఆవిడ గేటు దగ్గరే ఉంది."

మాస్టారు ఉండిపోయారు. ఆ మర్నాడూ అంతే, ఆ పై మర్నాడూ అంతే. ఇప్పుడు క్లర్కు రెండు దీపస్తంభాల మధ్య దూరం ఆగకుండా పరుగెత్తగలుగుతున్నాడు, షుగరు కూడా కాస్త దిగిందట.

ఆవిడ పక్కన మాస్టారు పరుగెత్తడం మాత్రం ఇంకా మొదలు కాలేదు.