పులిరాజుగారి సీతాకోకచిలుకల తోట

ఒకానొక పెద్ద అడవికి పులి రాజు. పొరుగడవి సింహం ముక్కుమీద సీతాకోకచిలుక వాలడం కళ్లారా చూసొచ్చిన నాటినుంచి ఆయనకు అన్నం సయించలేదు. పులికి అన్నమేమిటని అడక్కండి, కథ సాగదు.

"నలభై రోజుల్లో నా ముక్కుమీదా వాలాలి," అన్నారు రాజుగారు.

ఆ భారం తోటల అధికారి ఎలుగుబంటి మీద పడింది. అది తీసుకెళ్లి తోటమాలి ముళ్లపంది గవరయ్య నెత్తిన పెట్టింది. "వాలకపోతే నీ సర్కారు బొరియ ఖాళీ చెయ్యాల్సిందే."

గవరయ్యకు పెళ్లాం, ముగ్గురు పిల్లలు, పైగా ముంచుకొస్తున్న వానాకాలం. కానీ పని తెలిసినవాడు. తేనెకోసం బంతి, గుడ్లు పెట్టడానికి జిల్లేడు, కరివేపాకు వేశాడు. నెల తిరక్కుండా ఆకు ఆకుకీ గొంగళిపురుగులే. అతనికి ప్రాణం లేచొచ్చింది.

తనిఖీకొచ్చిన ఎలుగుబంటి మొహం మాడ్చుకుంది. "ఏంటయ్యా ఈ చిల్లులు?"

"పురుగులు తింటన్నాయండి. పదిరోజులాగితే అయ్యే సీతాకోకచిలుకలండి."

"మంజూరైంది సీతాకోకచిలుకలు," అంది గుమాస్తా నక్క, ఫైలు తిరగేస్తూ. "పురుగుల ఊసు ఇందులో ఎక్కడా లేదు సార్."

"ఫైల్లో లేనివాటిని తోటలో ఎలా ఉంచుతాం?" అని ఎలుగుబంటి కాకుల దళాన్ని పిలిపించింది. గంటలో అవి తోటంతా ఊడ్చిపెట్టేశాయి. శుభ్రతకు ఎలుగుబంటికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

బతికిన పాతిక పురుగులు గవరయ్య వీపెక్కాయి. ముళ్లలో ముక్కు పెట్టే కాకి ఎక్కడుంది? అక్కడే గూళ్లు కట్టుకుని వేలాడాయి. పదిరోజులపాటు అతను దొర్లలేదు, గోక్కోలేదు, పెళ్లాం పక్కన పడుకోనూ లేదు.

నలభయ్యో రోజు పులిరాజుగారు తోటలో ముక్కు చాచి కూర్చున్నారు. ఈగ కూడా వాలలేదు. ఎలుగుబంటి వెనకాల గవరయ్య వీపు కదలకుండా నిలబడ్డాడు.

ఎండ చురుక్కుమనేసరికి గవరయ్య వీపుమీద గూళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. రెక్కలు ఆరబెట్టుకుని పాతిక సీతాకోకచిలుకలు లేచాయి. ఒకటి తిన్నగా పోయి రాజుగారి ముక్కెక్కింది. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఇవి దేనికి కాశాయి?" అని అడిగారు.

"ముళ్లపందికండి ప్రభూ," అంది నక్క.

"అయ్యా, ఆ జిల్లేడు..." అని గవరయ్య నోరు తెరిచాడు.

"నువ్వూరుకో," అంది ఎలుగుబంటి. "మొక్కలు మాట్లాడకూడదు."

మర్నాడే జిల్లేడు, కరివేపాకు, బంతి అన్నీ పీకించి, అడవిలోని ముళ్లపందులను మెడదాకా వరసగా నాటించారు. రెండుపూటలా నీళ్లు, నెలకోసారి పేడ ఎరువు. మొదటి వరసలో గవరయ్య, పక్కన పెళ్లాం, పిల్లలు. బొరియ అతని పేర శాశ్వతంగా రాసిచ్చారు గానీ, వెళ్లడానికే వీల్లేదు.

నీతి: ఫలితం చూపించండి, తప్పదు, కానీ అది మీ ఒంటిమీదే కాసిందని పైవాళ్లకు తెలియనివ్వకండి.