పెట్టె మీద యాభైఆరు

ఆ ఉదయం నంజప్ప పెట్టుకున్న పని ఒక్కటే, కూతురు జయప్రియ పక్కన కూర్చుని మురిసిపోవడం. పాపారపట్టిలో ముప్పై ఏళ్లు టెలిఫోన్ లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇంటికొచ్చే తీగ తను లాగిందే, స్తంభం మీది జాయింటు తను చుట్టిందే. ఇప్పుడా తీగ మీదే కూతురి చదువు నడవబోతోంది. జయప్రియ తన కంప్యూటర్ మోడెమ్‌ను ఫోన్ లైను మీద చెట్టికరై కాలేజీలో ధనశేఖర్ సార్ మోడెమ్‌కు కలిపి, ఎంత వేగం వచ్చిందో పన్నెండు లోపల అక్కడ నమోదు చేయించాలి. ప్రాజెక్టు మార్కులన్నీ దానికే.

తొమ్మిదిన్నరకు మోడెమ్ కీచుమంది. సెకనుకు 33.6 కిలోబిట్లని తెర మీద పడింది.

"పెట్టె మీద యాభైఆరని రాసుండాదే! మిగతాది ఏడికి పోయె?"

"ఉండు నాయినా, సార్‌ని అడుగుతాను."

"నా లైను ఇంత తినేస్తాదంటే ఊరు నవ్వదా?" అంటూ నంజప్ప తీగ పీకేశాడు.

మొదటి అనుమానం పక్కింటి మునిలక్ష్మమ్మ మీదికి పోయింది. చెల్లెలి వరస అని తన లైనులోంచే ఆమెకో ఫోను ఇచ్చి ఉన్నాడు. పోయి దాన్ని ఊడబెరికాడు.

"అన్నా, అల్లుడు ఫోన్ చేస్తానన్నాడు!"

"అర్ధగంటలో ఇస్తాను, ఉండమ్మా."

తర్వాత జాయింటు కొత్తగా చుట్టాలని స్తంభమెక్కాడు. కళ్లద్దాలు ఇంట్లోనే ఉండిపోయాయి. రంగులు తెలియక, తన తీగతో పాటు మరో ఎనిమిది ఇళ్ల తీగలూ కోశాడు. పదకొండుకల్లా ఫోన్లు పోయిన వీధంతా నంజప్ప గుమ్మంలో నిలబడింది. జయప్రియ గడియారం చూసి కళ్లు తుడుచుకుంది.

నంజప్ప దగ్గరే పని నేర్చుకున్న లైన్‌మన్ కన్నప్పన్ సైకిల్ మీద వచ్చాడు. స్తంభమెక్కి తీగలన్నీ కలిపి దిగాడు. అంతలోనే ఫోన్ మోగింది. ధనశేఖర్ సార్.

"ఏమంటాడు? తిడతాండాడా?" అన్నాడు నంజప్ప.

"లేదు నాయినా! రెండు పక్కలా మామూలు ఫోన్ లైనే ఉంటే 33.6 దాటనే దాటదంట. యాభైఆరు రావల్లంటే అవతల డిజిటల్ లైను ఉండల్లంట. మా క్లాసులో ఎవరికీ ఇరవైఎనిమిది మించలేదంట. నాది తొమ్మిదిన్నరకే రాసుకున్నాడంట. ఆ లైను ఎవరు వేసినారని అడుగుతాండాడు."

నంజప్ప గుండె నిండిపోయింది. భుజం మీది టవలు సర్దుకుని, వీధంతా వినేలా అన్నాడు.

"నంజప్ప అని చెప్పు. రిటైర్డ్ లైన్‌మన్ అని కూడా చెప్పు."

ఆ ఊపులో జయప్రియ అందరికీ చూపిస్తానని మళ్లీ కలిపింది. తెర మీద 26.4 పడింది. వీధంతా నంజప్ప వైపు చూసింది.

"ఆ జాయింటు కన్నప్పన్ వేసింది," అన్నాడు నంజప్ప.