తాత చెవులు

ఆ శుక్రవారం పొద్దున ఐపెరి పెట్టుకున్న పని చాలా చిన్నది. నాయనమ్మ కలీపా ఆవు పాలు పితకడానికి వెళ్ళగానే గోడమీది తాత ఫోటో దించాలి, దుప్పట్లో చుట్టాలి, కోచ్కోర్ ఊరి బజారులో తాను కొత్తగా తీసుకున్న స్టూడియో గోడకు తగిలించాలి. పన్నెండింటికి ప్రారంభోత్సవం. మొదటి పది కుటుంబాలకు ఫోటోలు ఉచితం. సాయంత్రానికి ఫోటో మళ్ళీ గోడెక్కిస్తే నాయనమ్మకు తెలియను కూడా తెలియదని ఆమె ధీమా. అడిగితే ఇవ్వదని కాదు. అడిగితే "ఎందుకు?" అంటుంది. ఆవిడ "ఎందుకు"కి జవాబు చెప్పి గెలిచినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

పూర్వం పట్నం నుంచి సంచీ తగిలించుకుని ఫోటోల మనిషి వచ్చేవాడు. గుర్తింపు కార్డుల కోసం తీయించుకున్న బుల్లి ఫోటోలను ఇంటింటా పోగుచేసుకుని పోయేవాడు. కొన్నాళ్ళకు వాటిని పెద్దవి చేసి, రంగులు అద్ది, మొగుణ్ణీ పెళ్ళాన్నీ పక్కపక్కన కూర్చి తెచ్చిచ్చేవాడు. గొర్రెల కాపరికి నల్లకోటూ టై, వాడి పెళ్ళానికి జన్మలో ఎరగని కమ్మలూ ఆయన దయే. అలా కలీపా పక్కన కోటు తొడుక్కుని కూర్చున్న ఎసెన్ తాతను చూస్తూనే ఐపెరి పెరిగింది. తాత చెవులు చిన్నవి, ముచ్చటైనవి. ఇంట్లో మిగతా అందరివీ చేటలు.

ఏడేళ్ళప్పుడు బళ్ళో ఎవరో వెక్కిరిస్తే ఏడుస్తూ ఇంటికొచ్చి అడిగింది. "నాయనమ్మా, తాతవి ఇంత బాగుంటే మాకివి ఎక్కణ్ణుంచి వచ్చాయే?"

"మీ తాతవీ చేటలేనే. ఆ ఫోటోలవాడు కత్తిరించేశాడు," అంది కలీపా, అటు తిరిగి.

ఐపెరికి ఏడుపు పోయి ఒళ్ళు మండింది. మనిషి పోయాక మిగిలింది ఒక్క ఫోటో, అందులో చెవులు కోసెయ్యడానికి వాడెవడు? ఆ మంటతోనే బళ్ళో పాత కెమెరా అరువు తెచ్చుకుని తమ్ముణ్ణి సూర్యుడికి వీపు పెట్టి నిలబెట్టి ఫోటో తీసింది. వాడి చెవులు రెండూ గులాబీ రంగులో వెలిగిపోయాయి. ఆ ఫోటో ఇప్పటికీ ఆమె పర్సులో ఉంది. అంత అందమైన ఫోటో తర్వాత ఎన్ని తీసినా రాలేదని ఆమె నమ్మకం.

అందుకే స్టూడియో ముందు కట్టిన ఫ్లెక్సీ మీద, ముందే ఫోనులో తీసి ఉంచుకున్న తాత ఫోటో పెద్దది చేయించి, కింద ఇలా రాయించింది: "మా తాత చెవులు కత్తిరించినవాడి మీద కోపంతో ఫోటోగ్రాఫర్‌నయ్యాను. నేను ఎవరివీ కత్తిరించను."

ఒక్కసారి తప్ప. ఎదుటి వరసలో రొట్టెల కొట్టు పెట్టిన బోలోత్ బాబాయ్ పోయిన నెల తన రొట్టెల కాగితం సంచీల మీద వాళ్ళ నాన్న తుర్గున్ బొమ్మ వేయించమన్నాడు. అతని తల్లి బత్మా ఇంట్లోనూ ఫోటోలవాడు ఇచ్చిన జంట బొమ్మే ఉంది. "చెవులు తగ్గించమ్మాయ్, రొట్టె కంటే ముందు అవే కనిపిస్తున్నాయి," అన్నాడు. మొదటి గిరాకీ. తగ్గించింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు.

ఫ్లెక్సీ కట్టి పావుగంట కాలేదు, కాదిర్ తాత దాని ముందు ఆగాడు. ఎన్నో ఏళ్ళు ఎక్కడో గనుల దగ్గర లారీ తోలి, ఈ వేసవిలోనే కూతురింటికి చేరిన మనిషి. గుండెల మీద చెయ్యి పెట్టుకుని ఫ్లెక్సీకి వంగి సలాం చేశాడు.

"బాగున్నావా తుర్గున్? కోటులో దర్జాగా ఉన్నావు."

"ఆయన తుర్గున్ కాదు తాతా. మా తాత ఎసెన్."

"వాళ్ళిద్దరితో ఒకే లారీలో తిరిగినవాణ్ణి, నాకు చెబుతావా? ఎసెన్ చెవులు పట్టుకుని కొండెక్కొచ్చు. ఇతను తుర్గునే, ఆ రొట్టెల బోలోత్ వాళ్ళ నాన్న."

తన పేరు వినబడి బోలోత్ పిండి చేతులతోనే వచ్చాడు. "మా నాన్న ఇదిగో, సంచి మీద ఉన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని చూడు పెద్దాయనా."

కాదిర్ కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు. సంచిని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "ఇది మన ఎసెన్. పాపం, చెవులేమయ్యాయి?"

ఐపెరి సంచిని లాక్కుని ఫ్లెక్సీ పక్కన పెట్టి చూసింది.

"అంటే నెల రోజులుగా మీ తాత మొహం పెట్టి రొట్టెలమ్ముకుంటున్నానా?" అన్నాడు బోలోత్. "పుట్టిందగ్గర్నుంచీ మీ తాతకా నేను చెప్పుకుంది నా కష్టాలన్నీ?"

బజారుకు ఇంతకంటే ఏం కావాలి? కంబళ్ళ కొట్టు దగ్గర కలీపా, తుర్గున్ కలిసి ఫోటో తీయించుకున్నారన్న మాట, ఉల్లిపాయల బండి చేరేసరికి ఇద్దరికీ పెళ్ళయిపోయింది. పాల దుకాణం దగ్గర బిడ్డ కూడా పుట్టాడు. ఉచితం కదా అని పట్టుచొక్కాలు తొడుక్కుని వరసలో నిలబడ్డ కుటుంబాలు ఒకటొకటే జారుకున్నాయి. "ఇక్కడ తీయించుకుంటే ఎవరి మొగుడు ఎవరి పక్కన తేలతాడో," అని ఒకావిడ తన మొగుణ్ణి రెక్క పట్టుకుని లాక్కుపోయింది. పన్నెండయ్యేసరికి వరసలో కాదిర్ ఒక్కడే మిగిలాడు. ఆయన ఫోటో కోసం రాలేదు, నీడ కోసం నిలబడ్డాడు.

స్టూడియో పోతే పోయింది. ఇన్నేళ్ళు ఎవరి కోసం కెమెరా పట్టుకుందో ఆ మనిషే కాకుండా పోయాడే అన్నది ఐపెరి బాధ. ఫోటోను చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టింది. వెనకే బోలోత్.

ఇంట్లో బత్మా అవ్వ అలిగి కూర్చుని ఉంది. ఒక శుక్రవారం ఆవిడ ఇక్కడికి, మరో శుక్రవారం కలీపా అక్కడికి టీకి వెళ్ళడం ఐపెరి పుట్టకముందు నుంచీ ఉన్న ఆచారం. వచ్చినంతసేపూ ఇద్దరూ పోట్లాడుకోవడమూ ఆచారమే. పొయ్యి దగ్గర వెచ్చగా కూర్చోమంటే బత్మా ఏనాడూ వినదు, గోడకు ఎదురుగా చలిలోనే కూర్చుంటుంది. ఇవాళ ఎదురుగా ఉన్నది వట్టి మేకు.

"గోడ చూపించడానికా పిలిచావు? నీ టీ కోసం వస్తాననుకున్నావా, ఆ నీళ్ళ కోసం?" అంటోంది బత్మా.

ఐపెరి ఫోటోను దుప్పట్లోంచి తీసి వాళ్ళ మధ్య పెట్టింది. "ఈయన ఎవరు నాయనమ్మా?"

కలీపా టీ గిన్నె కింద పెట్టింది.

"ఫోటోలవాడు వచ్చి వెళ్ళిన ఆ చలికాలమే వాళ్ళిద్దరూ గడ్డి కోసం ఒకే లారీలో కనుమ ఎక్కారు. మంచులో పోయారు. మీ నాన్న ఉయ్యాల్లో ఉన్నాడు, ఈ బోలోత్ కడుపులో ఉన్నాడు. వసంతంలో ఫోటోలొచ్చాయి. నా పక్కన దీని మొగుడు, దీని పక్కన నా మొగుడు. ఆ ఫోటోలవాడు మళ్ళీ ఈ వైపు రాలేదు. చిన్న ఫోటోలు వాడితోనే పోయాయి."

"మార్చుకోవచ్చుగా?" అన్నాడు బోలోత్.

"ఎలారా? దీని మొగుణ్ణి పంపిస్తే ఫోటోలో పక్కనున్న నేనూ వాళ్ళింటికి పోవాలి."

"కత్తెర కూడా తెచ్చుకున్నాం," అంది బత్మా. "నువ్వు కొయ్యంటే నువ్వు కొయ్యని పొద్దుగూకేదాకా కూర్చున్నాం. పోయినవాడి భుజం మీద కత్తెర ఎవరు పెడతారు? సరే, చూడాలనిపిస్తే వచ్చి చూసుకుందాం అనుకున్నాం."

"మరి ఫోటోలవాడు చెవులు కత్తిరించాడని నాకెందుకు చెప్పావు?" అంది ఐపెరి.

"ఏడుస్తూ వచ్చావు. మీ తాతవీ చేటలేనని చెప్పాలనిపించింది. అది నిజమేగా?"

ఐపెరి తల వంచుకుంది. "సంచి మీద తాతవి కత్తిరించింది నేనే నాయనమ్మా."

"తెలుసు," అని కలీపా లేచింది. దొంతరగా పేర్చిన బొంతల మధ్య చెయ్యి పెట్టి ఒక కట్ట తీసింది. కొట్టు రొట్టె ముట్టనని జీవితమంతా చెప్పిన మనిషి నెల రోజులుగా రోజూ బోలోత్ రొట్టె ఎందుకు తెప్పిస్తోందో ఐపెరికి అప్పుడర్థమైంది. ముప్పై సంచీలు. ప్రతి సంచి మీదా ఎసెన్ తాతకు బాల్‌పెన్నుతో రెండు పెద్ద చెవులు గీసి ఉన్నాయి.

"మొదట్లో సరిగా రాలేదు," అంది కలీపా. "వారం తర్వాత చెయ్యి కుదిరింది."

ఐపెరి నాయనమ్మ ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చింది. బోలోత్ కళ్ళు తుడుచుకుని మొహమంతా పిండి చేసుకున్నాడు. కాసేపటికి తేరుకుని ఐపెరి అంది. "కంప్యూటర్‌లో పెడితే పది నిమిషాల పని. ఎవరి మనిషి పక్కన వాళ్ళని కూర్చోబెడతాను."

ముసలివాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మరి శుక్రవారాలు?" అంది బత్మా.

ఫోటో మళ్ళీ మేకెక్కింది. బత్మా రెండో గిన్నె టీ పోయించుకుంది.

నాలుగింటికి స్టూడియో మళ్ళీ తెరిచారు. మొదటి ఫోటోలో ఇద్దరు ముసలమ్మలు, చెరో పక్క చెరో జంట ఫోటో, వెనక బోలోత్, జుట్టు చెవుల వెనక్కి దోపుకున్న ఐపెరి. మీట నొక్కింది కాదిర్. ఆయన చెప్పిన లారీ కథలు వినడానికి చేరినవాళ్ళలో నాలుగు కుటుంబాలు ఎలాగూ వచ్చాం కదా అని ఫోటోకి కూర్చున్నాయి. ఫ్లెక్సీ మీద "నేను ఎవరివీ కత్తిరించను" అన్నదాని ముందు ఐపెరి తన చేత్తో "ఇకమీదట" అని రాసింది.

మరుసటి నెల బోలోత్ కొత్త సంచీలు వేయించాడు, ఒక వైపు తుర్గున్, ఇంకో వైపు ఎసెన్. ఎసెన్ వైపు చెవులు పట్టక సంచి రెండంగుళాలు వెడల్పు చేయించాల్సి వచ్చింది. రొట్టె మాత్రం పాత కొలతే.