జానెడు ఎక్కువ దూకిన కేసు

"నేరస్థులారా, కాచుకోండి! ఈ కంటి ముందు మీ ఆటలు సాగవు!"

తన గడియారాల రిపేరు కొట్టులో బల్లెక్కి మరీ ప్రకటించాడు డేగకన్ను. ఆ పేరు తనకు తానే పెట్టుకున్నాడు. కంటికి బిగించుకున్న భూతద్దంలోంచి ఈగ కాలు దూలమంత కనిపిస్తుంది. ఎదురుగా నిలబడ్డ మేనకోడలు మాత్రం కనిపించదు.

"ముందు కిందికి దిగు మామయ్యా," అంది ఆ పిల్ల ఏడుపు దిగమింగుకుంటూ. "నన్ను జట్టులోంచి తీసేసేలా ఉన్నారు."

లాంగ్‌జంప్‌లో ఈమధ్య ఆమె జానెడు ఎక్కువ దూకుతోంది. దూకేముందు మైదానం పక్క సామాన్ల గదిలోకి వెళ్లి రావడం పక్క క్లబ్బు కోచ్ కంట్లో పడింది. ఏదో మందు మింగుతోందని ఫిర్యాదు చేశాడు. సాయంత్రంలోగా సంగతి తేలకపోతే పేరు కొట్టేస్తానంది జట్టును ఎంపిక చేసే మేడమ్.

"గదిలో ఏం చేస్తావ్? నిజం చెప్పు!"

"ఇనప కడ్డీ భుజాన పెట్టుకుని నాలుగు గుంజీళ్లు తీస్తాను. కాసేపాగి దూకితే కాళ్లకి జోరొస్తుంది. అంతే!"

డేగకన్ను పగలబడి నవ్వాడు. "బరువు మోస్తే కాళ్లు పీకుతాయే పిచ్చిదానా! అయినా గుంజీళ్లు ఎవరు తీస్తారు? తప్పు చేసినవాళ్లు! ఎవరో నీకు తెలీకుండా మందు కలుపుతున్నారు. అంతర్జాతీయ కుట్ర!"

దర్యాప్తు మొదలైంది. సాక్ష్యం పేరుతో ఆమె సీసాలో నీళ్లన్నీ తాగేశాడు. బూట్లు వాసన చూసి కాసేపు పడుకున్నాడు. ఇనప కడ్డీని తోపుడుబండి మీద కొట్టుకు చేర్చి తాళం నొక్కేశాడు. ఆపైన ద్రోహిని పట్టుకోవడానికి సామాన్ల గదిలో, బల్ల మీదున్న ఖాళీ గోతాంలో దూరాడు.

తలుపు తెరుచుకుంది.

"ఇందాక ఊరికే దూకావుగా. ఇప్పుడు ఆ గుంజీళ్లేవో నా ముందు తియ్యి," అంది మేడమ్.

"కడ్డీ కనబడటం లేదండీ!" మేనకోడలు గది మూలలన్నీ వెతికింది.

"ఉంటేగా కనబడటానికి!" అన్నాడు కోచ్.

డేగకన్నుకు చెమటలు పట్టాయి. జీవితంలో మొదటిసారి అసలు దోషిని కనిపెట్టాడు, అది తనే. బయటికొచ్చి ఒప్పుకుందామంటే పరువు అడ్డొచ్చింది.

"పోనీ, ఈ ఇసక బస్తా ఉందిగా," అంది పిల్ల.

మరుక్షణం డేగకన్ను గాల్లోకి లేచాడు. కిందికి, పైకి. మళ్లీ కిందికి, పైకి. తాగిన నీళ్లు కడుపులో గడబిడ చేస్తుంటే, అరవకుండా గోతాం అంచు నోట్లో కుక్కుకున్నాడు.

బస్తా దించి, కాసేపు సేదదీరి, పిల్ల బయటికెళ్లి దూకింది. టేపు పట్టి కొలిచారు. ఇందాకటి కన్నా జానెడు ఎక్కువ!

"నా కళ్లముందే జరిగింది. ఏమీ మింగలేదు, బరువెత్తిందంతే," అంది మేడమ్. "ఈ అమ్మాయి జట్టులో ఉంటుంది."

డేగకన్నుకు పట్టలేని సంతోషమొచ్చింది. గోతాంతో సహా గెంతుకుంటూ గుమ్మం దాటి, ఇసకలో బోర్లా పడ్డాడు.

"కేసు తేల్చేశాను!"

కోచ్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఏమ్మా, మీ మామయ్యని మా పిల్లకి ఓ పూట ఇస్తావా?"

"కుదరదండీ," అంది మేనకోడలు. "మామయ్యా, కడ్డీ నువ్వే పట్టుకెళ్లుంటావు. కొట్టు తాళంచెవేదీ?"

డేగకన్ను జేబులు తడుముకున్నాడు. "కొట్టులోనే."

"అయితే గోతాంలోనే కూర్చో. నేనింకోసారి దూకాలి."

డేగకన్ను మళ్లీ గోతాంలోకి దిగాడు.